సమస్య: ఓరవాకిలిఁ గనినంతఁ జోరుఁ డడలె

బ్రాడీపేట మాస్టారు:
మన పద్యాల గ్రూపుకి ఈ వారం సమస్య పైదే, ఓరగా ఉన్న తలుపు చూడగానే దొంగ హడలిపోయాడని. తేటగీతి అనే పద్యానికి ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు కట్టాలి. మొన్న రోహిణి కార్తె ఉక్కకి తాళలేక వీధి తలుపు ఓరగా వదిలేసి పడుకుంటే, తెల్లారి మా ఆవిడ గొళ్ళెం సంగతి ఎత్తి పెట్టిన చీవాట్లలోంచి పుట్టింది. బార్లా తెరిచిన తలుపు వేరు, దగ్గరగా వేసింది వేరు, ఇది వేరు. ఓరచూపులో ఉన్న ఓరే ఇదీ. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) ఎక్కడని వెతుక్కోకండి, ఓర, జోరు ప్రాసయతి, అంటే రెండిట్లోనూ రెండో అక్షరం కలిసింది. మీ మూడో పాదం చివర ద్రుతం (నకారం) ఉంటే 'నోరవాకిలి' చేసుకోండి, తప్పులేదు. అవధానంలో (సభలో అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పడం) అయితే ఆవృత్తానికో, అంటే చుట్టుకో, పాదం చొప్పున చెప్పాలి, ఇక్కడ ఆదివారం దాకా టైముంది. నేనడిగేది ఒక్కటే, తలుపు ఓరగా ఉన్నందుకే దొంగ భయపడాలి.

కృష్ణలంక కుర్రాడు:
ఉక్క పోయఁగ రాతిరి యొక్క రెక్క
తెఱచి నిదురించె మామయ్య, తెల్ల కుక్క
గడప వెనుకను గుఱ్ఱనఁ గాళ్ళు వణఁక
నోరవాకిలిఁ గనినంతఁ జోరుఁ డడలె.

మాస్టారు:
మొదటి పాదం హాయిగా ఉంది, ఉక్క, ఒక్క, రెక్క అలా దొర్లిపోయాయి. కానీ నాయనా, నీ దొంగ కుక్కకి భయపడ్డాడు, తలుపుకి కాదు. తలుపు మూసి ఉన్నా ఆ కుక్క గుర్రుమనేదేగా! పైగా కాళ్ళు వణికాక మళ్ళీ అడలడం ఎందుకు?

సత్యనారాయణపురం బాబాయ్:
రెండవాటను జూచి యా రేయి వచ్చి
మెల్లఁగా గోడ దాటి తా గుమ్మ మెక్కి
తండ్రి లోపల మేల్కొని దగ్గుచుండ
నోరవాకిలిఁ గనినంతఁ జోరుఁ డడలె.
(గాంధీనగర్‌లో సెకండ్ షో చూసి ఇంటికొచ్చిన మా రోజులు. ఆ దొంగని నేనే.)

మాస్టారు:
బాబాయ్, దగ్గు అద్భుతం. లోపల నాన్న మేలుకునే ఉన్నాడని తలుపే చెప్పేస్తోంది, ఇంటి కొడుకే దొంగ. కాకపోతే రెండో పాదంలో 'మె'కి 'గు' ఎలా కుదిరింది? 'మేడ యెక్కి' అనండి.

బాబాయ్:
మాది పెంకుటిల్లు సార్, మేడ ఎక్కడిది!

మాస్టారు:
అయితే 'మెట్టు లెక్కి'. అరుగుకి మెట్లుంటాయిగా.

పటమట అక్క:
మీరంతా చెక్క తలుపు దగ్గరే ఆగిపోయారు. పెళ్ళిచూపులకి వచ్చి 'కబురు చేస్తాం' అని లేచి వెళ్ళేవాళ్ళు వదిలి వెళ్ళేది ఓరవాకిలి కాదా? మాటలు మానేసిన అన్నదమ్ములు పండక్కి పిల్లల చేత అరిసెలు పంపించుకోవడమూ అంతే.

అన్నదమ్ముల నడుమను నలుక లున్న
మనసు తలుపును మూయక మసలుచుండఁ
గూర్మి దోఁచెడి పగ యను క్రూరుఁడైన
యోరవాకిలిఁ గనినంతఁ జోరుఁ డడలె.

కుర్రాడు:
అక్కా, సంయుక్తాక్షరం 'క్రూ' ముందున్న 'ను' గురువు (రెండు మాత్రల అక్షరం) అవదా?

మాస్టారు:
అవదు, అవి విడివిడి మాటలు, సమాసం కాదు. గణాలు (గురువు, లఘువుల లెక్క) సరిపోయాయి. నాకు పట్టుకున్నది వేరే, 'క్రూరుఁడైన' వెంటనే 'యోరవాకిలి' రావడంతో చదివేవాడికి తలుపే క్రూరుడిలా తగులుతోంది, చోరుడి దాకా ఆ విశేషణం వెళ్ళట్లేదు. భావం మాత్రం నాలుగు కాలాలు ఉంటుంది. అరిసెలు పద్యంలోకి రావాల్సింది, గద్యంలో వదిలేశారు.

అక్క:
అరిసెల్ని తేటగీతిలో ఇరికించడం మీ వల్ల అవుతుందేమో చూడండి, నావల్ల కాలేదు.

కొత్తపేట కొత్తసభ్యుడు:
మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి.

తనకు ముందుగ వేఱొక్క తస్కరుండు
దూరె నేమొ యటంచును దోఁచ మదికి
వాని నేరము తనపైన వ్రాలు ననుచు
నోరవాకిలిఁ గనినంతఁ జోరుఁ డడలె.

మాస్టారు:
ఇదీ నేనడిగింది! కుక్క లేదు, దగ్గు లేదు, మనసూ లేదు, ఉత్త తలుపు సందు చూసి దొంగ హడలిపోయాడు, అదీ దొంగ బుర్రతోనే ఆలోచించి. 'అటంచును', 'అనుచు' రెండూ ఒకే పని చేస్తున్నాయి, ఒకటి తీసేయొచ్చు, తొందరేం లేదు. మొదటిసారంటే నమ్మబుద్ధి కావట్లేదు గానీ.

కుర్రాడు:
ఇంత కరెక్టుగా దొంగ మనసు ఎలా తెలిసింది అన్నా?

కొత్తసభ్యుడు:
అది వదిలెయ్ తమ్ముడూ. మాస్టారూ, మీరు ఇవాళైనా గొళ్ళెం పెట్టారా?