ఏడో తరగతి లెక్కల్లో ఇంగ్లీషు మాటలు, ఇంట్లో ఎలా చెప్పాలి?

కోవూరు అమ్మ

మా వాడు ఊళ్ళో హైస్కూల్లోనే ఏడో తరగతి చదువుతున్నాడు. చిన్న క్లాసుల్లో టీచర్లు తెలుగులోనే చెప్పేవారు. ఇప్పుడు పరీక్షలన్నీ ఇంగ్లీషులో రాస్తున్నాడు. సంతకి తీసుకెళ్తే కూరగాయల లెక్క నోటితోనే చెప్పేస్తాడు, కిలోన్నర నలభై అయిదు రూపాయలైతే పావుకిలో ఎంతో నాకంటే ముందే అంటాడు. అదే పుస్తకంలో "ఫైండ్ ద ప్రోడక్ట్" అని కనిపిస్తే పెన్ను కింద పెట్టేస్తాడు. ప్రోడక్ట్ అంటే టీవీ యాడ్‌లో చూపించే వస్తువే కదా అంటాడు.

మొన్న స్లిప్ టెస్టులో "సబ్‌ట్రాక్ట్ 8 ఫ్రమ్ 15" అని ఇచ్చారు. వీడు 8 − 15 వేసి −7 అని రాసొచ్చాడు. "7 లెస్ దాన్ ఎక్స్" అంటే 7 − ఎక్స్ అన్నాడు. తీసివేయాలని తెలుసు, అయినా తప్పే.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. క.సా.గు., గ.సా.భా. అంటే నిద్రలో లేపినా చెప్తాను గానీ, ఈ ఇంగ్లీషు పేర్లు వచ్చేసరికి తడుముకుంటాను. మా ఆయనేమో ట్యూషన్‌లో వేసెయ్ అంటున్నారు. పక్కింటావిడ లెక్కల మాటలన్నీ లిస్టు రాసి గోడకి అంటించి బట్టీ పెట్టించమంది. ఏది మంచిది? ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్), నరసరావుపేట

అమ్మా, గోడ పాడుచేసుకోకండి. మీరు చెప్పిన ఆ రెండు తప్పులూ చూస్తే మీవాడికి మాటలు తెలియక కాదు. సబ్‌ట్రాక్ట్ అంటే తీసివేత అని తెలుసు కాబట్టే మైనస్ పెట్టాడు. పిల్లాడు ఇంగ్లీషు వాక్యం ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే రాసుకుంటూ పోతున్నాడు. చిక్కంతా అక్కడుంది.

తెలుగులో మనం "15 లోంచి 8 తీసెయ్" అంటాం. ముందు 15, తర్వాత 8. కాగితం మీదా అదే వరస, 15 − 8. "ఎక్స్ కన్నా 7 తక్కువ" అన్నా ముందు ఎక్స్, వెనక 7. ఇంగ్లీషులో తీసేసే అంకె ముందొచ్చి కూర్చుంటుంది, ఏ అంకెలోంచి తీయాలో అది చివర్న వస్తుంది. కూడికలో ఏది ముందు రాసినా జవాబు మారదు కాబట్టి చిన్న క్లాసుల్లో ఈ సంగతి బయటపడదు. తీసివేత, భాగహారం, ఆ పైన బీజగణితం మొదలయ్యాక పడుతుంది దెబ్బ.

అందుకని ఇలా చేయించండి. ఇంగ్లీషు ప్రశ్న చదవగానే పెన్ను ముట్టుకోనివ్వకండి. ముందు తెలుగులో పైకి చెప్పమనండి. "ఫ్రమ్", "దాన్" కనిపిస్తే కింద గీత గీయమనండి. తీసివేతలో ఆ మాట తర్వాత ఉన్నదాన్నే ముందు రాయాలి. ఒక్క జాగ్రత్త: మధ్యలో "ఈజ్" చేరి "7 ఈజ్ లెస్ దాన్ ఎక్స్" అయితే అది తీసివేతే కాదు, 7 కన్నా ఎక్స్ పెద్దది అని అర్థం. అక్కడ 7 < ఎక్స్ అని గుర్తు పెట్టాలి. తొందరలో ఈ "ఈజ్"ని మింగేసే పిల్లల్ని సర్వీసంతా చూశాను.

భిన్నాల్లోనూ ఇదే గొడవ. 3/4ని మనం "నాలుగింట మూడు వంతులు" అంటాం, హారం ముందు. ఇంగ్లీషులో "త్రీ ఫోర్త్స్", లవం ముందు. "20లో నాలుగింట మూడు వంతులు" అని నోటితో అంటే చేయాల్సిన పని కూడా అదే వరసలో వచ్చేస్తుంది: 20 తీసుకో, నాలుగు భాగాలు చెయ్, మూడు పట్టుకో, 15. "త్రీ ఫోర్త్స్ ఆఫ్ 20" అన్నప్పుడు వెనక నుంచి ముందుకి రావాలి. ఆ "ఆఫ్" అంటే ఇక్కడ హెచ్చవేత అని విడిగా చెప్పండి, ఎవరూ చెప్పరు.

ఇక నిజంగా మాటలే నేర్పాలంటే మొదట నాలుగు చాలు: సమ్, డిఫరెన్స్, ప్రోడక్ట్, కోషెంట్. మన మొత్తం, భేదం, లబ్ధం, భాగఫలం. తర్వాత ఫ్యాక్టర్, మల్టిపుల్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించండి. 12కి కారణాంకాలు 1, 2, 3, 4, 6, 12, అంతటితో సరి. గుణిజాలు 12, 24, 36 అలా పోతూనే ఉంటాయి. "ఏరియా" అంటే మీది ఏ ఏరియా అనే గుర్తొస్తుంది పిల్లలకి. అదే "వాళ్ళ స్థలం అయిదు సెంట్లు" అంటే అది వైశాల్యమని పల్లెటూరి పిల్లాడికి ఒకరు చెప్పాలా? సెంటంటే 48.4 చదరపు గజాలు. స్థలం చుట్టూ కంచెకి ఎంత తీగ కావాలో అది పెరిమీటర్, మన చుట్టుకొలత. అది మీటర్లలో వస్తుంది, చదరపు మీటర్లలో కాదు.

ఖమ్మం బీటెక్

మాస్టారు చెప్పింది నిజం. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. గవర్నమెంటు స్కూలు అయితే పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా ఆంటీ, అదే పెద్ద డిక్షనరీ. మా తమ్ముడికి తెలుగు పేజీ మీద అట్ట పెట్టి ఇంగ్లీషు పేజీలో లెక్క చదివిస్తాను, ఆగిపోతే అప్పుడు అట్ట తీస్తాను.

తెలుగు పేర్లతోనూ జాగ్రత్త. పూర్ణాంకాలు అంటే హోల్ నంబర్స్, సున్నా నుంచి మొదలు. పూర్ణసంఖ్యలు అంటే ఇంటీజర్స్, రుణసంఖ్యలూ ఉంటాయి. అకరణీయ సంఖ్యలు అంటే రేషనల్, కరణీయ అంటే ఇర్రేషనల్. "అ" ఉంది కదా అని ఇర్రేషనల్ దగ్గర పెట్టేస్తారు అందరూ.

లెక్కల మాస్టారు (రిటైర్డ్), నరసరావుపేట

బాగా పట్టుకున్నావు బాబూ. కరణి అంటే 2కి వర్గమూలం (√2) లాంటిది. అలాంటిది కానిది అకరణీయం. ఈ ఒక్క ముక్క చెప్తే తికమక పడరు.

డాలస్ నాన్న

మా ఇంట్లో దీనికి రివర్స్. పాప ఇక్కడే పుట్టింది, సిక్స్త్ గ్రేడ్. వీడియో కాల్‌లో మా నాన్న "ముందు హారాలు సమానం చెయ్ తల్లీ" అంటే, మెడలో వేసుకునే హారమా తాతయ్యా అంది. డినామినేటర్ అనగానే చకచకా చేసేసింది. మీకు ఇంకో చోట చిక్కొస్తుంది చూడండి, లక్షలూ మిలియన్లూ. అయిదు లక్షలు అక్కడ 5,00,000, ఇక్కడ 500,000. అంకె ఒకటే, కామా చోటు మారుతుంది. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు. నాకు ఇప్పటికీ ఇల్లు ధర వినగానే లక్షల్లోకి మార్చుకుంటే గానీ మనసుకి ఎక్కదు.

కోవూరు అమ్మ

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీరు చెప్పినట్టు గీత గీయించి, తెలుగులో పైకి చెప్పించాను. తీసివేతలు సరిగ్గానే వేశాడు, "ఈజ్" దగ్గర మాత్రం ఒకసారి బోర్లా పడ్డాడు. ఇప్పుడు వడ్డీ పాఠం వచ్చింది. పదివేలు రెండు రూపాయల వడ్డీకి ఇస్తే ఏడాదికి ఎంత అని వాళ్ళ నాన్న అడిగితే 200 అన్నాడు. ఆయన ఒకటే నవ్వు. పుస్తకం ప్రకారం 200 కదా అని వీడు అలిగి కూర్చున్నాడు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్), నరసరావుపేట

ఇద్దరిదీ కరెక్టే, అలక మానమనండి. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు. ఏడాదికి 24 శాతం, పదివేలకి 2,400. పుస్తకంలో "పర్ యానమ్" అని ఉంటుంది, అంటే ఏడాదికి. 2 పర్సెంట్ పర్ యానమ్ అయితే 200 సరిపోతుంది. లెక్క మొదలుపెట్టే ముందు నెలకా, ఏడాదికా అని అడగడం నేర్పండి.

ప్రిన్సిపల్ అంటే ఇక్కడ స్కూల్లో సారు కాదు, అసలు. అమౌంట్ అంటే అసలూ వడ్డీ కలిపి. పరీక్షలో "ఫైండ్ ద అమౌంట్" అని అడిగితే వడ్డీ కట్టి అక్కడే ఆపేస్తారు, మార్కు పోతుంది.

ఈ లెక్క ఇంగ్లీషులోనే రాసివ్వండి: 5,000 రూపాయలు, ఏడాదికి 8 శాతం బారువడ్డీ, 3 ఏళ్ళు, ఫైండ్ ద అమౌంట్. 1,200 అని రాస్తే ప్రశ్న మళ్ళీ చదవమనండి. 6,200 అంటే ఆ పూట పెసరట్టు వేసి పెట్టండి.