13 మ్యాచ్‌లూ గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ను 2023 ప్లేఆఫ్‌లోకి తీసుకోకపోవడం న్యాయమేనా?

గార్నెట్ అభిమాని

ఈ విషయంలో నా మనసు ఇప్పటికీ కుదుటపడలేదు, అందుకే మళ్లీ ఎత్తుతున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 2023లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఉన్నవి నాలుగే చోట్లు, అవి ఎవరికో 13 మంది కమిటీ తేల్చేది. ఫ్లోరిడా స్టేట్ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచి తమ లీగ్ (దాన్నే కాన్ఫరెన్స్ అంటారు) ఏసీసీ టైటిల్ కొట్టింది. డిసెంబర్ 3న లిస్టు వచ్చింది: మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామా. మనవాళ్లు ఐదో స్థానం. ఒక్క ఓటమీ లేని పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్‌ను బయట కూర్చోబెట్టడం ఆ నాలుగు జట్ల పద్ధతి నడిచిన పదేళ్లలో అదొక్కసారే. నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టు అనిపించింది.

కారణం మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించేవాడు) జోర్డాన్ ట్రావిస్ కాలు. నవంబర్ 18న నార్త్ అలబామా మీద బంతి పట్టుకుని పరుగెడుతూ ట్యాకిల్‌లో పడ్డాడు, అక్కడితో అతని సీజన్ అయిపోయింది. క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఇది మునుపటి జట్టు కాదు అన్నది కమిటీ వాదన. ఆ రోజు జరిగిందే చూడండి. 13-0తో వెనకబడిన జట్టు 58-13తో గెలిచింది. తర్వాతి వారం ఫ్లోరిడాను వాళ్ల గ్రౌండ్‌లోనే 24-15తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్ తలకు దెబ్బ తగిలింది కాబట్టి ఏసీసీ ఫైనల్లో మూడోవాడు దిగాల్సి వచ్చింది, ఫస్టియర్ కుర్రాడు బ్రాక్ గ్లెన్. అతని పాస్‌లతో వచ్చింది 55 యార్డులే, ఒప్పుకుంటాను. కానీ ప్రత్యర్థి లూయివిల్‌కు ఒక్క టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించడం) కూడా ఇవ్వకుండా డిఫెన్స్ 16-6తో టైటిల్ తెచ్చిపెట్టింది. ఇంకేం చేయాలి ఆ పిల్లలు? గెలవమన్నారు, గెలిచారు.

లెక్క సూటిగా

మీ బాధ అర్థమైంది అన్నా, కానీ నేను కమిటీ పక్షమే. వాళ్లకు అప్పగించిన పని బాగా కష్టపడ్డ నాలుగు జట్లను వెతకడం కాదు, అన్నిటికన్నా మంచి నాలుగు జట్లను వెతకడం. ముఖ్యమైన ఆటగాడు అందుబాటులో లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని వాళ్ల నిబంధనల్లోనే రాసి ఉంది, అప్పటికప్పుడు పుట్టించింది కాదు. అలబామా ఏసీసీ ఫైనల్ జరిగిన రోజే తన లీగ్ ఎస్‌ఈసీ ఫైనల్లో నంబర్ వన్ జార్జియాను 27-24తో ఓడించింది. 29 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టది! ఇక 55 యార్డులతో గెలిచిన జట్టు ప్లేఆఫ్‌లో ఎదురయ్యే మిషిగన్ డిఫెన్స్ ముందు నిలబడేదా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. తర్వాత ప్లేఆఫ్ బయటి సీజన్ ముగింపు మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌లో అదే జార్జియా చేతిలో 63-3 చూశాం కదా.

నాలుగో డౌన్

ఆ 63-3ని సాక్ష్యంగా తేవడం మాత్రం తప్పండీ. ఫ్లోరిడా స్టేట్ ముఖ్య ఆటగాళ్లు జారెడ్ వర్స్, కియాన్ కోల్‌మన్, ట్రే బెన్సన్ ఎవరూ ఆడలేదు, మొత్తం 20 మందికి పైగా లేరు. కొందరు ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ చూసుకున్నారు, కొందరు కాలేజీ మారే పనిలో ఉన్నారు. టైటిల్ ఆశ పోయాక మిగిలిన జట్టది. అసలు జట్టు సీజన్ మొదట్లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)ను 45-24తో కొట్టినది.

కొలంబస్ కుర్రాడు

2014 గుర్తుందా ఎవరికైనా? మా ఒహాయో స్టేట్‌కూ కాన్ఫరెన్స్ ఫైనల్ నాటికి మూడో క్వార్టర్‌బ్యాకే దిక్కు, కార్డేల్ జోన్స్. విస్కాన్సిన్‌ను 59-0తో కొట్టాం, నాలుగో చోటు ఇచ్చారు, అలబామాను, ఆరిగన్‌ను ఓడించి ఛాంపియన్లమయ్యాం. పైగా మాకు అప్పటికే ఒక ఓటమి ఉంది. మూడోవాడితో ఆడే జట్టు పనికిరాదని ఆటకు ముందే ఎవరు చెప్పగలరు?

లెక్క సూటిగా

మీరే జవాబు చెప్పేశారు బ్రో. 59-0కి, 16-6కి తేడా లేదా? జోన్స్ ఆడింది కమిటీ కళ్లతో చూసింది, అందుకే నమ్మింది. ఇంకో మాట, ఫ్లోరిడా స్టేట్‌ను తీసుకోవాలంటే ఎవరిని తీసేస్తారు? ఆ పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

గార్నెట్ అభిమాని

నేను చెప్తాను. అలబామాను. టెక్సాస్ సెప్టెంబర్ 9న అలబామా సొంతూరు టస్కలూసా వెళ్లి మరీ వాళ్లను 34-24తో ఓడించింది, కాబట్టి టెక్సాస్ జోలికి వెళ్లను. జార్జియా మీద గెలుపు గొప్పదే, కాదనను, కానీ దానికి వారం ముందు ఆబర్న్ మ్యాచ్ చూశారా? నాలుగో డౌన్ (అంటే చివరి ప్రయత్నం), టచ్‌డౌన్‌కు 31 యార్డులు, ఆటలో చివరి నిమిషం. అలబామా క్వార్టర్‌బ్యాక్ మిల్రో విసిరిన ఆ బంతి ఎండ్ జోన్ మూలలో ఐజయా బాండ్ చేతుల్లో పడకపోతే అలబామాకు రెండో ఓటమి, అసలు చర్చే లేదు. ఒక జట్టుకు ఓటమి తర్వాత కూడా రెండో అవకాశం ఇచ్చారు, ఇంకో జట్టుకు ఒక్క ఓటమీ లేకపోయినా మొదటి అవకాశమే ఇవ్వలేదు. ఎంత ఆలోచించినా నాకు మింగుడుపడనిది ఇదే.

కొత్తగా చేరాను

దీని వల్లే కదా ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచారు?

నాలుగో డౌన్

కాదండీ, ఆ నిర్ణయం 2022లోనే అయింది, అమలైంది 2024 సీజన్ నుంచి. ఒక్క ఏడాది తేడాలో పోయింది వీళ్లకు. ఆ 2024లో వీళ్లు 2-10తో (రెండు గెలిచి పది ఓడి) కుప్పకూలడం వేరే బాధ.

గార్నెట్ అభిమాని

2-10 సంగతి ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం, అది చాలా పెద్ద కథ. లిస్టు వచ్చిన రోజు ట్రావిస్ ఆన్‌లైన్‌లో పెట్టిన మాట మాత్రం ఇక్కడ చెప్పాలి: తన కాలు సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే బాగుండేదని, అప్పుడైనా ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదని అందరూ చూసేవారని. ఆపరేషన్ అయిన కుర్రాడు తప్పు తనదే అన్నట్టు రాసుకున్నాడు. అది చదివాక నిబంధన, రూలు అంటే వినబుద్ధి కాదు.

లెక్క సూటిగా

అది చదివితే నాకూ గొంతు పట్టేసింది. అయినా నా ఓటు మారదు అన్నా. ప్లేఆఫ్ సెమీఫైనల్లో అలబామా మిషిగన్‌ను ఓవర్‌టైమ్ దాకా లాగి 27-20తో ఓడింది, అదే మిషిగన్ ఛాంపియన్ అయింది. నాలుగో చోటుకు తగ్గట్టే ఆడింది.

గార్నెట్ అభిమాని

ఆడే అవకాశం ఇచ్చారు కాబట్టి ఆడింది. మావాళ్లకూ ఆ 60 నిమిషాలు ఇచ్చి చూడాల్సింది.