రోగిని తలవైపు జరిపేటప్పుడు నడుము పట్టకుండా ఎట్టా?

నెల్లూరు, మెడికల్ వార్డు:
కిందికి జారిపోయిన రోగిని చంకల్లో చేతులు పెట్టి పైకి గుంజడం, సిస్టర్ల నడుములు పోయేది ఎక్కువగా ఇక్కడే. మన వార్డుల్లో హ్యాండిల్ తిప్పే మంచాలే ఎక్కువ గదా. రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉంటే పద్ధతేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు, ఫిజియో:
ముందు హ్యాండిల్ తిప్పి తలవైపు దించండి సిస్టర్. తల ఎత్తులో ఉండగా లాగితే బరువును ఏటవాలుకు ఎక్కించినట్టే. ఆయాసపడేవాళ్లనూ, అప్పుడే ట్యూబు ఫీడ్ ఇచ్చినవాళ్లనూ మాత్రం చదునుగా పడుకోబెట్టొద్దు. చక్రాలకు బ్రేకులు వేసి, దిండు తీసి తలవైపు పలకకు ఆనించండి, తల కొట్టుకోదు. డ్రా షీట్ (రోగి కింద అడ్డంగా పరిచే గుడ్డ) భుజాల నుంచి తొడల దాకా ఉండాలి. చెరోవైపు అంచును రోగి ఒంటి దాకా చుట్టి పట్టుకోండి. దూరంగా పట్టుకుంటే భారమంతా నడుము మీదే. మోకాళ్లు కాస్త వంచి, వెనక కాలి మీది బరువును తలవైపు కాలికి మార్చండి, చేతులతో గుంజొద్దు. మెలకువగా ఉన్న రోగిని మోకాళ్లు మడిచి, 'మూడు' అనగానే మడమలతో తన్నమనండి.

కావలి, సర్జికల్:
డ్రా షీట్ కింద రబ్బరు మెకింటోష్ (పరుపు తడవకుండా వేసే షీటు) ఉంటే గుడ్డ కదలదు, మన ఎండాకాలం చెమటకు మరీనూ. రోగిని పక్కకు తిప్పి, రెంటి మధ్య మందపాటి కొత్త చెత్త కవరు పరవండి. సర్రున జారుతుంది. పని కాగానే తీసేయాలి. మరిచిపోతే రోగి మళ్లీ కిందికి జారతాడు, వీపు చెమటకు నాని పుండు పడుతుంది. ఒకరికి వాడింది ఇంకొకరికి వద్దు.

నెల్లూరు, మెడికల్ వార్డు:
కాలు ఒక్కటే ఎత్తి పట్టుకుని కట్టు కట్టడం పర్లేదా?

ఒంగోలు, ఫిజియో:
70 కేజీల మనిషి కాలు ఒక్కటే 11 కేజీల దాకా తూగుతుంది. రోగుల్ని చేత్తో ఎత్తడానికి అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ చెప్పిన హద్దు 16 కేజీలు, అదీ ఒంటికి దగ్గరగా, నడుము తిప్పకుండా ఎత్తినప్పుడే. కట్టు కట్టినంతసేపూ పట్టుకుని ఉండటం వేరే సంగతి. మడమ కింద మడిచిన దుప్పటి పెట్టండి.

కందుకూరు:
కాన్యులా (నరంలో పెట్టే సెలైన్ గొట్టం) పెట్టేటప్పుడు వంగి నిలబడొద్దక్కా, స్టూలు లాక్కుని కూర్చోండి. 500 ఎంఎల్ సెలైన్ సీసాలు 24 ఉన్న పెట్టెలో నీళ్లే 12 కేజీలు. నేల మీద పెట్టనీయకుండా బల్ల మీద దింపించండి.

ఒంగోలు, ఫిజియో:
నొప్పి పిరుదు నుంచి పిక్కకు దిగితే డ్యూటీ లాగించకుండా చూపించుకోండి. మూత్రం బిగిసినా, కూర్చునే చోట మొద్దుబారినా గంటల్లోనే ఆసుపత్రిలో ఉండాలి.