పాత కారు క్రోమ్ ఇంకా పాడవకుండా ఆపేదెలా?

అందరికీ నమస్కారం. నా దగ్గర ఓ పాత కారు ఉంది. ఇంజన్‌తో ఏ ఇబ్బందీ లేదు, టెన్షన్ అంతా బంపర్, హ్యాండిళ్ల మీది మెరిసే క్రోమ్ పూతతోనే. ముందు బంపర్ మీద ఆవగింజలంత తుప్పు చుక్కలు లేచాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతున్నాయి. అంచు దగ్గర ఒకచోట పూత పెచ్చు లేచింది.

నాకు తెలిసినంతలో పైన మెరిసే క్రోమ్ పొర చాలా పల్చన, దాని కింద నికెల్, ఆ కింద ఇనుము. సన్నటి రంధ్రాల్లోంచి తేమ దిగి ఇనుము తుప్పు పడుతోంది. అల్యూమినియం రేకును ఉండ చేసి, నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే చుక్కలు చాలావరకు పోయాయి. కానీ వానలు పడగానే మళ్లీ మొదలు.

డోర్ హ్యాండిళ్ల సంగతి వేరు. వాటికి అయస్కాంతం అంటుకోదు, పూత బుడగలుగా ఉబ్బి లోపల తెల్లటి పొడి కనిపిస్తోంది. జింక్‌ని కరిగించి పోత పోసి చేసినవి అనుకుంటున్నా. ఆ బుడగలను కదపకుండా వదిలేయడమే నయమా?

బంపర్‌కి మైనం పాలిష్ సరిపోతుందా, లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) లాంటిది పూయాలా? లోపలివైపు, మట్టి పేరుకునే చోట, ఏం కొడితే ఎక్కువ కాలం నిలుస్తుంది? పైన క్లియర్ లక్కర్ (రంగులేని వార్నిష్ లాంటిది) కొట్టమని కొందరంటున్నారు గానీ, నున్నటి క్రోమ్‌ని అది సరిగ్గా పట్టుకోదని నా అనుమానం. మళ్లీ ప్లేటింగ్ చేయించే ఉద్దేశం ఇప్పట్లో లేదు. ఉన్నది ఇంకొన్నేళ్లు నిలిస్తే చాలు. చేసి చూసినవాళ్లు చెప్పగలరా?