50 వాట్ల కమ్యూనిటీ రేడియో: మాస్ట్ ఎత్తు, సాక్ఫా (టవర్ స్థలానికి అనుమతిచ్చే కమిటీ), వార్తల నిబంధన గురించి

కదిరితరంగం:
మాది కదిరి దగ్గర రిజిస్టరైన సొసైటీ. అయిదేళ్లు దాటింది. వేరుశనగ రైతులతో, మహిళా సంఘాలతో పని. కమ్యూనిటీ రేడియో కోసం బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టబోతున్నాం. ముందుగా కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

మా ఆఫీసు మేడ 8 మీటర్ల ఎత్తు. దాని మీద 24 మీటర్ల మాస్ట్ (యాంటెన్నా నిలబెట్టే స్తంభం) వేయొచ్చా? 50 వాట్ల ట్రాన్స్‌మిటర్‌కి నాలుగు బేల (అంటే ఒకదాని మీద ఒకటి అమర్చే నాలుగు భాగాల) డైపోల్ యాంటెన్నా పెట్టమని సరఫరాదారు అంటున్నాడు. అది 100 వాట్ల పరిమితిలోకి వస్తుందా? గ్రామసభ కబుర్లు, సినిమా పాటలు, షాపుల ప్రకటనలు వేయాలంటే నిబంధన ఏంటి?

బేకేబుల్:
మాస్ట్ కుదరదండీ. యాంటెన్నా ఎత్తు నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు మించకూడదు. మేడ ఎత్తు కూడా లెక్కలోకే వస్తుంది. 8, 24 కలిపితే 32. 21 మీటర్ల మాస్ట్ వేయండి, పైన మెరుపు కడ్డీకి కాస్త చోటు మిగులుతుంది.

ఇక పవర్. 100 వాట్లు అనేది ట్రాన్స్‌మిటర్ వాట్లు కాదు, ఈఆర్‌పీ, అంటే యాంటెన్నా నుంచి ప్రభావంగా వెలువడే శక్తి. ట్రాన్స్‌మిటర్ నుంచి బయల్దేరిన దాంట్లో కేబుల్‌లో పోయేది తీసేసి, యాంటెన్నా గెయిన్‌తో (సిగ్నల్‌ను కూడగట్టి ఎన్ని రెట్లు చేస్తుందో ఆ లెక్కతో) హెచ్చించాలి. 35 మీటర్ల అరంగుళం ఫోమ్ కేబుల్‌లో 100 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 0.8 డీబీ (డెసిబెల్) పోతుంది, అంటే 50 వాట్లలో యాంటెన్నాకి చేరేది దాదాపు 42. నాలుగు బేల నిలువు డైపోల్ గెయిన్ 6 డీబీ, అంటే నాలుగు రెట్లు, వేసుకుంటే 168 వాట్లవుతుంది. పరిమితి దాటింది. రెండు బేలైతే 3 డీబీ, అంటే రెండు రెట్లు, 84 వాట్లు. అది సరిపోతుంది.

సన్నటి ఆర్‌జీ-213 కేబుల్ వేస్తే 2.3 డీబీ దాకా పోయి, యాంటెన్నాకి చేరేది 29 వాట్లే. అయినా నాలుగు బేలతో 117 వాట్లు. నాలుగు బేలే కావాలంటే మంచి కేబుల్ వేసి ట్రాన్స్‌మిటర్‌ను 29 వాట్లకు దించాలి. కరెంటు ఆదా అవుతుంది కానీ మాస్ట్ మీద గాలి ఒత్తిడి పెరుగుతుంది, కిరణం నిలువునా సన్నబడి టవర్ కిందున్న ఇళ్లకే సరిగ్గా అందదు. నా ఓటు రెండు బేలకే.

స్టేషన్ మొదలుపెట్టే రోజు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) కొలిచి రాసిపెట్టుకోండి. 1.5 ఉందంటే 50 వాట్లలో 2 వాట్లు వెనక్కి వస్తున్నట్టు. అంతకు మించితే కనెక్టర్‌లో నీళ్లు చేరాయేమో చూడాలి, వానాకాలంలో మొదట చెడేది అదే. హార్మోనిక్ ఫిల్టర్ (అక్కర్లేని ఫ్రీక్వెన్సీలను ఆపేది) లేని చవక ట్రాన్స్‌మిటర్ వద్దు. మీకు 107.8 లాంటి ఫ్రీక్వెన్సీ వస్తే ఆ పక్కనే 108 నుంచి విమానాల నావిగేషన్ బ్యాండ్ మొదలవుతుంది. అటు చిన్న స్ప్యూరియస్ (అక్కర్లేని సిగ్నల్) పోయినా స్టేషన్ ఆపేయమంటారు.

ఫైలునడక:
టవర్ లెక్క సరే, స్టేషన్లు ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గర. 2024 ఫిబ్రవరిలో మారిన మార్గదర్శకాల ప్రకారం లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ప్రభుత్వం ముందుగా ఇచ్చే సమ్మతి పత్రం) గడువు ఏడాది. అనుకోని అడ్డంకి వచ్చిందని చూపిస్తే ఇంకో 3 నెలలు. ఆ గడియారం లెటర్ తేదీ నుంచే నడుస్తుంది. కాబట్టి స్థలం పత్రాలు దరఖాస్తుకి ముందే సిద్ధం చేసుకోండి.

డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు కేటాయించే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర ఫ్రీక్వెన్సీకి, సాక్ఫా అనుమతికి ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు ఒక్క సెకను కూడా తేడా రాకూడదు. డిగ్రీ-నిమిషం-సెకనులో, డబ్ల్యూజీఎస్-84 (జీపీఎస్ వాడే కొలత పద్ధతి) ప్రకారం రాయాలి. ఫోన్ మ్యాప్ చూపే దశాంశం 14.1125ను చాలామంది 14 డిగ్రీల 11 నిమిషాల 25 సెకన్లని రాసేస్తారు. అసలు అది 14 డిగ్రీల 6 నిమిషాల 45 సెకన్లు. అంత తేడాకి సైట్ దాదాపు 9 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఫైలు వెనక్కి వచ్చి, దిద్ది మళ్లీ పంపేలోపు నెలలు పోతాయి.

అన్ని కాగితాల్లో ఎత్తు ఒకటే ఉండాలి. సొసైటీ పేరు కూడా బైలాలో, పాన్‌లో, బ్యాంకు గ్యారంటీలో అక్షరం మారకూడదు. ప్రాసెసింగ్ ఫీజు 2,500, బ్యాంకు గ్యారంటీ 25,000. మొదటి ఒప్పందం ఇప్పుడు పదేళ్లకు ఇస్తున్నారు, ముందు అయిదేళ్లే ఉండేది. సలహా-కంటెంట్ కమిటీలో సగం మంది మహిళలుండాలి. మీకు మహిళా సంఘాలున్నాయి గనక అది సులువే, కానీ తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి.

స్పెక్ట్రమ్ రాయల్టీ ఏటా కట్టాలి. 2012లో దాన్ని 19,700 నుంచి 91,000 రూపాయలకు పెంచితే స్టేషన్లు గట్టిగా అభ్యంతరం చెప్పాకే వెనక్కి తీసుకున్నారు. లాభం లేని పల్లె స్టేషన్ మీద అలాంటి భారం ఎప్పుడు పడినా నోరెత్తాల్సిందే.

కదిరితరంగం:
చాలా ఉపయోగపడిందండీ. మేడకి బదులు ఊరి పక్క గుట్ట మీద పెడితే? సిగ్నల్ దూరం పోతుంది కదా.

బేకేబుల్:
30 మీటర్లు టవర్ నిలబడ్డ నేల నుంచే లెక్క కాబట్టి ఎత్తు పరంగా గుట్ట లాభమే. కానీ ముందు ఆ గుట్ట రెవెన్యూదా, రిజర్వ్ ఫారెస్టా తహసీల్దార్ ఆఫీసులో తేల్చుకోండి. అటవీ భూమైతే ఏడాది గడువులో అనుమతి వస్తుందని నమ్ముకోలేం. పైకి కరెంటు లైను, స్టూడియో నుంచి లింకు ఖర్చు వేరే.

మాఊరిమైకు:
కార్యక్రమాల గురించి నేను చెప్తాను.

వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావమున్నవి సొంతంగా వేయకూడదు. ఆకాశవాణి వార్తల్ని ఉన్నది ఉన్నట్టు రిలే చేయొచ్చు, మధ్యలో మీ మాట కలపకూడదు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, అడ్మిషన్లు, ఆటల పోటీలు, జాతరలు, కరెంటు కోత, నీటి సరఫరా, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కింద లెక్కించరు. 'గ్రామసభ రేపు పది గంటలకు, ఉపాధి పనుల జాబితా చదువుతారు' అని చెప్పొచ్చు. 'నిన్నటి సభలో సర్పంచ్‌ని నిలదీశారు' అంటే ఇబ్బంది. చేతిలో ఫోనున్న ప్రతివాడూ చెప్పగల మాటను అనుమతి తీసుకున్న రేడియో చెప్పకూడదనడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయినా మొదటి ఉల్లంఘనకే నెల దాకా ప్రసారం ఆపొచ్చు, మళ్లీ చేస్తే మూడు నెలలు, ఆ తర్వాత అనుమతి రద్దు. తెగించి చూడాల్సిన విషయం కాదు.

మూడు నెలల రికార్డింగ్ దాచాలి. 64 కేబీపీఎస్ మోనోలో గంటకి దాదాపు 29 ఎంబీ. రోజుకి 12 గంటల చొప్పున 90 రోజులకు 31 జీబీ. మిక్సర్ నుంచి కాకుండా విడిగా ఒక ఎఫ్‌ఎం రిసీవర్ పెట్టి రికార్డు చేయండి. ఫిర్యాదు వచ్చినప్పుడు నిజంగా గాల్లోకి వెళ్లిందేదో చూపించాలి కదా.

ప్రకటనలు గంటకి 12 నిమిషాల వరకు. ప్రభుత్వ ప్రకటనల రేటు 10 సెకన్లకు 74 రూపాయలు, అంటే గంట నిండా పడితే 5,328. అంత నిండదు, బడ్జెట్ దాని మీద వేసుకోవద్దు.

సినిమా పాటకు రెండు హక్కులు: రికార్డింగ్‌ది ఒకటి, సాహిత్య సంగీతాలది ఇంకొకటి. ఒకరికి కట్టి రెండోవాళ్లని మర్చిపోతే నోటీసు వస్తుంది. ఎలాగూ కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15 నుంచి 90.4 మీద దళిత మహిళలు నడిపిన సంఘం రేడియోకి బలం విత్తనాల కబుర్లు, ఊరి పాటలే. మీ దగ్గర చెక్కభజన, కోలాటం పాడేవాళ్లు ఉంటారు. పాడినవాళ్ల దగ్గర ఒక కాగితం మీద సమ్మతి సంతకం తీసుకుని రికార్డు చేసుకోండి. దరఖాస్తు నడుస్తుండగానే ఆ పని మొదలుపెట్టొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.