బెడ్‌సోర్ ముందే పసిగట్టే ఏఐ: ఏజెన్సీ రోగికి మేలా, కీడా?

రెండో_ఏడాది_ఎమ్మెస్సీ
విశాఖలో నర్సింగ్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. పాత కేస్ షీట్ల వివరాలు కంప్యూటర్‌కి ఇచ్చి, ఎవరికి బెడ్‌సోర్ (కదలకుండా పడుకున్నవాళ్లకి ఒత్తిడి వల్ల పడే పుండు) వచ్చే ప్రమాదం ఉందో ముందే చెప్పే మోడల్ తయారుచేయడం నా థీసిస్. ఆ ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఇప్పుడు మాకున్నది బ్రేడెన్ స్కేల్. ఆరు అంశాలకు మార్కులు వేసి కూడితే 6 నుంచి 23 మధ్య వస్తుంది. 18 లేదా అంతకు తగ్గితే జాగ్రత్తపడాలి. నలభై మంది ఉన్న వార్డులో రాత్రి ఒక్కదాన్నే ఉంటే ఎంతమందికి వేయగలను? అందుకే ఏఐ అనుకున్నాను. మొన్న ఒక జూనియర్ అడిగింది: "అక్కా, దీనివల్ల పాడేరు, అరకు ఏజెన్సీ వైపు నుంచి వచ్చే గిరిజనులకి ఇంకా అన్యాయం జరగదా?" నాకు జవాబు తట్టలేదు. మీరేమంటారు?

గాజువాక_కోడర్
ఎలా జరుగుతుందండీ? మనిషికైతే రోగి కులం తెలుస్తుంది, యాస వినిపిస్తుంది, చిరాకు వస్తుంది. మోడల్‌కి ఆ గొడవే లేదు. తెగ, ఊరు కాలమ్స్ తీసేసి ట్రైన్ చేయండి, సరిపోతుంది.

నైట్_డ్యూటీ_అక్క
కాలమ్ తీసేస్తే సరిపోతుందా బాబూ! అమెరికాలో ఒక ప్రోగ్రామ్‌కి అసలు జాతి కాలమే ఇవ్వలేదు. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో తేల్చడానికి అది వైద్యానికయ్యే ఖర్చును కొలతగా పెట్టుకుంది. తెల్లవాళ్లతో సమానంగా జబ్బున్నా నల్లజాతివాళ్ల మీద ఖర్చు తక్కువగా జరిగేది. దాంతో వాళ్లకి పెద్దగా అవసరం లేదని లెక్కకట్టింది. 2019లో సైన్స్ పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. లెక్క సరిచేస్తే, అదనపు సాయానికి ఎంపికయ్యేవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

అక్కడ ఖర్చు, మన దగ్గర కేస్ షీట్. ఆ షీట్లు రాసినదాన్ని కాబట్టి చెబుతున్నా. తెల్లవారుజామున అయిదింటికి కుర్చీలో కూలబడి, కొలవకుండానే వరసగా అందరికీ టెంపరేచర్ 98.6 అని రాసేసిన రోజులు నాకూ ఉన్నాయి. సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

ఇక బెడ్‌సోర్. పుస్తకాల్లో మొదటి దశ అంటే చర్మం ఎర్రబడటం, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోవడం. నేను చదువుకున్నప్పుడు ఫొటోలన్నీ తెల్ల చర్మానివే. బాగా నల్లగా ఉన్న ఒంటి మీద ఆ ఎరుపు కంటికి ఆనదు. నడుం కింద, మడమల దగ్గర చేతివేళ్ల వెనక వైపు ఆనించి చూడాలి. చుట్టుపక్కల చర్మం కన్నా వెచ్చగానో చల్లగానో తగులుతుంది. తర్వాత వేలికొసతో తడిమితే గట్టిగానో, నానినట్టు మెత్తగానో ఉంటుంది. ఇంత ఓపిక ఎవరికుంది? షీట్‌లో "స్కిన్ ఇంటాక్ట్", అంటే చర్మం బాగానే ఉందని పడుతుంది. నాలుగో రోజుకి చర్మం చిట్లుతుంది. అలాంటి షీట్లు చదివిన మోడల్ నల్లటి ఒంటికి మొదటి దశే ఉండదని నేర్చుకుంటుంది.

గాజువాక_కోడర్
సరే, డేటా చెత్త. అంతమాత్రాన మనుషులు చేసే పని గొప్పదైపోతుందా అక్కా? అందరికీ 98.6 రాశానని మీరే అన్నారు. మోడల్ ఎవరి విషయంలో ఎంత తప్పుతోందో గుంపులవారీగా లెక్కతీయొచ్చు. మీ చేతి తప్పుని ఎవరు లెక్కతీశారు?

ఎంవీపీ_స్టెత్
ఈ పాయింట్‌లో కోడర్‌తో ఏకీభవిస్తాను. పల్స్ ఆక్సీమీటర్‌నే తీసుకోండి. 2020లో అమెరికా పరిశోధకులు రక్త పరీక్షతో పోల్చి చూశారు. మెషిన్ ఆక్సిజన్ 92-96 శాతం చూపిస్తున్నా అసలుది 88 శాతం కన్నా తక్కువున్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. అన్నేళ్లుగా వేలికి తగిలించుకుంటున్న క్లిప్పు అది! కొలిచారు కాబట్టి తెలిసింది. 2023 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఏఐ మార్గదర్శకాల్లో కూడా సమానత్వం, వివక్ష లేకపోవడం ఉన్నాయి. థీసిస్ ఆపొద్దు.

పాడేరు_పైఊరు
నాకు ఏఐ తెలీదు. మా మామ సంగతి చెప్తాను. తుంటి ఎముక విరిగితే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చాం, అక్కణ్నుంచి విశాఖలో ఒక ఆసుపత్రికి. వారం రోజులున్నాం. తోడున్న నాకు కూలి పోయింది, బయట తిండికి డబ్బులైపోయాయి. డాక్టర్‌గారు చెప్పేది మామకి సగమే అర్థమయ్యేది, ఆయనకి వచ్చింది మా కొండభాష కువి. ఓ పొద్దున్న ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చేశాం. ఇంటికొచ్చిన పది రోజులకి వెనకాల పుండు, గుప్పెడంత. మీ కంప్యూటర్ లెక్కలో మామకి పుండు లేదు కదా?

రెండో_ఏడాది_ఎమ్మెస్సీ
ఇది చదివాక నా ప్రపోజల్ తీసి చూసుకున్నాను. ఎవరిని తీసుకోకూడదు అనేచోట రెండో లైన్: "లామా, అబ్‌స్కాండెడ్ కేసులు." అంటే వద్దని వెళ్లిపోయినవాళ్లు, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు. సీనియర్ల థీసిస్‌లో ఉంటే అలాగే దించేశాను.

గాజువాక_కోడర్
ఇది మాత్రం పెద్ద బొక్కే, ఒప్పుకుంటాను. అయినా దారి ఉంది. ఇంటికెళ్లాక వాట్సాప్‌లో పుండు ఫొటో పంపమనండి.

నైట్_డ్యూటీ_అక్క
2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 21 శాతమే. అదీ రాష్ట్రం మొత్తం మీద. ఫొటోలు ఎవరి ఇళ్ల నుంచి వస్తాయో నువ్వే చెప్పు.

పాడేరు_పైఊరు
మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే చింతచెట్టు దగ్గరికెళ్లాలి. పుండున్న మనిషిని చెట్టు దాకా మోసుకెళ్లి ఫొటో తీయమంటారా?

గాజువాక_కోడర్
😄 సరే సరే. కానీ ఇంటింటికీ కాగితం పట్టుకుని తిరిగితే మీ శాంపిల్ ముప్పై దాటదు. దాంతో మోడల్ రాదు.

రెండో_ఏడాది_ఎమ్మెస్సీ
రాకపోతే రాకపోనివ్వండి, థీసిస్‌లో అదే రాస్తాను. ఆ రెండో లైన్ కొట్టేస్తున్నాను. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల జాబితా వేరుగా తీసి, ఆశా కార్యకర్తల ద్వారా వాళ్ల ఇళ్లకి వెళ్లి చూడటానికి ఎథిక్స్ కమిటీని అనుమతి అడుగుతాను. వార్డులో మాత్రం బ్రేడెన్ మార్కుల పక్కన "చేత్తో తాకి చూశారా?" అని ఇంకో గడి పెడతాను. గైడ్ మేడమ్ తిడతారేమో, సబ్మిషన్‌కి టైమ్ లేదు, టెన్షన్‌గానే ఉంది. ఒక్క సాయం కావాలి. కన్సెంట్ ఫారం తెలుగులో ఉంది. కువిలో చదివి చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాడేరు_పైఊరు
నేను చెప్తాను. ఆదివారమైతే పనుండదు. ముందు ఆ ఫారం నాకు పంపండి, నాకే అర్థమవుతుందో లేదో చూడాలి.