శ్రీలంకలో అడవులూ పక్షులూ చూడాలి, ప్యాకేజీ వద్దు. పది రోజులకి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఖమ్మం_కోయిల

నమస్తే అండీ. సంక్రాంతి సెలవులకి ఇంకో నాలుగు రోజులు కలుపుకుని జనవరిలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. మొత్తం పది రోజులు. మేమిద్దరం, ఆరో తరగతి చదివే మా పాప, మా అత్తయ్య.

హైదరాబాద్‌లో ట్రావెల్స్ వాళ్లని ఎవర్ని అడిగినా ఒకటే చెబుతున్నారు. రామాయణం టూర్, క్యాండీ, నువర ఎలియాలో సీతమ్మ గుడి, బెంటోట బీచ్, షాపింగ్, అన్నీ ఐదారు రోజుల్లో. గుడికి వెళ్లడం మాకూ ఇష్టమే గానీ ఈసారి అడవి కోసమే వెళ్లాలని ఉంది. పాపకి పక్షులంటే ప్రాణం, పెరట్లో మామిడి చెట్టు మీద ఏ పిట్ట వాలినా నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంటుంది. తిమింగలం చూస్తానని ఏడాదిగా అడుగుతోంది.

మ్యాప్‌లో చూస్తే దేశం చిన్నదే కదా అని మావారు ఒక లిస్టు రాశారు: విల్పత్తు, మిన్నేరియా, సిగిరియా, నకుల్స్ కొండలు, హార్టన్ ప్లెయిన్స్, ఎల్లా, యాల, ఉడవలవె, సింహరాజ, మిరిస్స, ట్రింకోమలీ. ఇవన్నీ పది రోజుల్లో అవుతాయా? బస్సులూ రైళ్లలో తిరగొచ్చా, కారు మాట్లాడుకోవాలా? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు, పైగా శాకాహారి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరు.

బొబ్బిలి_బైనాక్యులర్

అవ్వవండీ, ఆ లిస్టులో సగం కొట్టేయండి. శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రలో సగం కూడా లేదు, నిజమే. కానీ కొండ దారుల్లో గంటకి ముప్పై నలభై కిలోమీటర్లు వెళ్తే గొప్ప. మీ లిస్టు ప్రకారం తిరిగితే పాప నోట్‌బుక్‌లో కారు అద్దంలోంచి కనబడినవే ఉంటాయి.

అక్కడ ముందు తేల్చుకోవాల్సింది ఏ ఊళ్లకి వెళ్లాలన్నది కాదు, ఏ నెలలో ఏ వైపు వెళ్లాలన్నది. ఆ దేశానికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు దక్షిణ, పడమర వైపుల్నీ కొండల పడమటి వాలునీ తడిపేస్తాయి, అప్పుడు తూర్పు తీరం పొడిగా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలతో తూర్పు, ఉత్తరం తడుస్తాయి, నైరుతి మూల తెరిపిస్తుంది. మీరు జనవరిలో వెళ్తున్నారు కాబట్టి ట్రింకోమలీ తీసేయండి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మిన్నేరియా కూడా తీసేయండి. అక్కడ వందల ఏనుగులు చెరువు గట్టున చేరేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో, నీళ్లు తగ్గి గడ్డి మొలిచినప్పుడు. ఆ చెరువుని మూడో శతాబ్దంలో మహాసేన మహారాజు తవ్వించాడు, చూడదగ్గదే, కానీ దాని కాలం వేరు.

జనవరికి సరిపోయేది దక్షిణం. నేనైతే సింహరాజ, ఉడవలవె, తిస్సమహారామ, మిరిస్స, ఈ నాలుగే పెట్టుకుంటాను, ఒక్కోచోట కనీసం రెండు రాత్రులు, సింహరాజలో మూడు. సింహరాజ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని సగం పూటలో ముగించేసి ఏమీ కనబడలేదని వచ్చేస్తారు. అది రెయిన్ ఫారెస్ట్, 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. యాలలో లాగా జంతువు ఎదురుగా వచ్చి నిలబడదు. అక్కడి పక్షులు గుంపు కట్టి తిరుగుతాయి, పది పన్నెండు రకాలు కలిసి ఒకే గుంపులో. ఆరెంజ్ బిల్డ్ బాబ్లర్లు, తలమీద కుచ్చు ఉండే ఏట్రింతలు ముందు నడుస్తుంటాయి, వాటి వెనకాల మాల్కోహాలు, ట్రోగన్లు, వడ్రంగి పిట్టలు. గంటసేపు అడవి నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా తలమీద చెట్లన్నీ అరుపులతో నిండిపోతాయి. ఐదు నిమిషాల్లో ఆ గుంపు దాటిపోతుంది. ఆ ఐదు నిమిషాలు దొరకాలంటే రెండు ఉదయాలైనా చేతిలో ఉండాలి. బ్లూ మ్యాగ్‌పై మాత్రం పాపకి తప్పకుండా చూపించండి. నీలం ఒళ్లు, గోధుమరంగు తల, ఎర్ర ముక్కు, శ్రీలంకలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. 2001లో ఆ నైరుతి అడవుల్లోనే కొత్త గుడ్లగూబ ఒకటి బయటపడింది, సెరెండిబ్ స్కాప్స్ ఔల్. పగలు అది ఎక్కడ కూర్చుందో అక్కడి గైడ్లకి తెలిసుంటుంది.

గైడ్ లేకుండా ఎలాగూ లోపలికి పంపరు. కుడవ గేటు వైపు నుంచి వెళ్తే కొంత దూరం దాకా జీపు దొరుకుతుంది, అత్తయ్యగారికి అదే నయం. దెనియాయ వైపు నడక ఎక్కువ.

నల్లమల_నడక

పైన చెప్పిన దాంట్లో తిస్సమహారామ ఎందుకంటే పక్కనున్న యాల పార్కు కోసమే కదా. నేను కొంచెం తేడాగా చెబుతాను. జనవరిలో యాల చిరుతల కోసం అంత మంచి నెల కాదు. అటువైపు నవంబర్ నుంచి జనవరి దాకా వానలుంటాయి, అడవంతా నీళ్లే, పచ్చదనమే. జంతువులు నీటి గుంటల దగ్గరికి రావాల్సిన పని ఉండదు. ఫిబ్రవరి తర్వాత ఎండే కొద్దీ బాగా కనిపిస్తాయి. ఎలుగుబంట్లయితే పాల పండ్లు పండే రోజుల్లో, జూన్ అటూ ఇటూగా, చెట్లెక్కి మరీ తింటాయి. సెప్టెంబర్‌లో, కరువు ఎక్కువైతే, యాల ఒకటో బ్లాకు మూసేస్తుంటారు. దసరాకి వెళ్లాలనుకునే వాళ్లు ముందే కనుక్కోండి.

చిరుత కనిపించే అవకాశం మాత్రం మన దగ్గరికంటే ఎక్కువే. శ్రీలంకలో పులి లేదు. మన నల్లమలలో పులి ఉంది కాబట్టి చిరుత తప్పుకుని తిరుగుతుంది, అక్కడ దానిదే రాజ్యం, పట్టపగలు బండరాళ్ల మీద పడుకుంటుంది. యాల ఒకటో బ్లాకులో చిరుతలు ఎంత దట్టంగా ఉన్నాయో ప్రపంచంలో చాలా కొద్ది చోట్లే అలా ఉంటాయి. దాంతో జీపులూ అంతే దట్టంగా ఉంటాయి. ఒక చిరుత కనబడిందని ఫోన్ వెళ్తే చాలు, దుమ్ము లేపుకుంటూ అన్నీ అక్కడికే. నాకు అది చూడబుద్ధి కాదు. జీపు మాట్లాడుకునేటప్పుడే గట్టిగా చెప్పండి, పరుగులు పెట్టొద్దు, ఒక నీటి గుంట దగ్గర ఇంజన్ ఆపి కూర్చుందాం అని. మంచి డ్రైవర్లు ఆ మాటకి సంతోషిస్తారు.

విల్పత్తు నాకు ఇంకా ఇష్టం. అన్నిటికంటే పెద్ద పార్కు, పదమూడు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, లోపల విల్లులని వాననీటి మడుగులు. జీపులు తక్కువ. కానీ అది వాయవ్యంలో ఉంది, మీ దక్షిణం ప్లాన్‌కి కలవదు, జనవరిలో అక్కడా తడే. ఎండాకాలంలో మళ్లీ వెళ్తే దానికే నాలుగు రోజులు ఇవ్వండి. అనురాధపురం జిల్లాలోనే మన భాష మాట్లాడే అహికుంటకులు ఉన్నారు, పాములాడించే కులవృత్తి వాళ్లది, ఎన్నో తరాలుగా అక్కడే ఉన్నా ఇళ్లల్లో తెలుగు నిలబెట్టుకున్నారు. అడవితో వాళ్లకున్న అనుబంధం గురించి చదివి వెళ్తే ఆ నేల వేరేగా కనిపిస్తుంది.

ఖమ్మం_కోయిల

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. సగం లిస్టు కొట్టేశాం, మావారు ఎల్లా రైలు మాత్రం వదలనంటున్నారు. యాల ఒక్క పూట చాలనుకుంటున్నాం, మిగతా సమయం పక్షులకే. తిస్స దగ్గర బుందల అని ఉంది కదా, అది బాగుంటుందా? సింహరాజలో జలగల గురించి చదివి అత్తయ్య టెన్షన్ పడుతున్నారు. తిండి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

బొబ్బిలి_బైనాక్యులర్

బుందల తప్పకుండా వెళ్లండి. శ్రీలంకలో మొదటి రామ్‌సర్ చిత్తడి నేల అది, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందింది. జనవరి అంటే వలస పక్షులన్నీ అక్కడే ఉంటాయి, ఉల్లంకులు, రకరకాల కొంగలు, పెయింటెడ్ స్టార్క్‌లు, మొసళ్లు కూడా. ఒక ఉదయం పాపకి చాలదేమో. అయితే ఫ్లెమింగోల కోసం మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒకప్పుడు పెద్ద గుంపులు వచ్చేవి, పైనున్న సాగునీటి కాలువల నుంచి మంచినీళ్లు ఆ ఉప్పు కయ్యల్లోకి చేరి ఉప్పదనం మారిపోయింది, వాటి తిండి పోయింది, అవీ పోయాయి. ఫ్లెమింగోలకి మన పులికాటే నయం.

జలగలు ఉంటాయి, దాచేది లేదు. వాన పడితే ఎక్కువ. మోకాళ్ల దాకా వచ్చే లీచ్ సాక్స్ గేటు దగ్గరే దొరుకుతాయి, ప్యాంటు వాటిలోకి దోపుకోవాలి. పట్టుకుంటే లాగకండి, గోరుతో అంచు నుంచి నెట్టేయండి, కాసేపు రక్తం కారి ఆగిపోతుంది. అత్తయ్యగారు జీపులోనే ఉంటే అసలు సమస్యే రాదు.

అడయారు_తెలుగమ్మాయి

చెన్నై నుంచి కొలంబోకి గంటన్నర లోపే విమానం, హైదరాబాద్ నుంచి కంటే టికెట్ తక్కువకి దొరికే అవకాశం ఎక్కువ, ఆ లెక్క కూడా చూసుకోండి. వీసా పర్మిట్ కోసం గూగుల్‌లో పైన వచ్చే ఏజెంట్ సైట్లలోకి వెళ్లకండి, ప్రభుత్వ ఈటీఏ సైట్ ఒకటే.

బస్సులూ రైళ్లూ చవక, ఒంటరిగా వెళ్లేవాళ్లకి భేషుగ్గా ఉంటాయి. కానీ కుడవ, ఉడవలవె లాంటి చోట్లకి మూడు బస్సులు మారాలి, పెద్దావిడతో వద్దు. నలుగురున్నారు కాబట్టి డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ ఎవరిది, డ్రైవర్ బస ఎక్కడ, ఇవి మెసేజ్‌లో రాయించుకోండి. చాలా హోటళ్లలో డ్రైవర్లకి గది ఇస్తారు, బుక్ చేసేటప్పుడే అడగాలి. మసాలా తోటలు, రత్నాల కొట్లు వద్దని మొదటిరోజే చెప్పేయండి, లేకపోతే దారి పొడుగునా ఆపుతారు. పార్కుల్లో విదేశీయుల టికెట్ డాలర్లలో ఉంటుంది, పైన సర్వీస్ చార్జీ, పన్ను, జీపు వేరే. పాస్‌పోర్ట్ చూపించి సార్క్ రేటు ఉందా అని ప్రతిచోటా అడగండి.

ఎల్లా రైలు గురించి. 2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుఫాను కొండల్లో పట్టాల్నీ రోడ్లనీ ఘోరంగా దెబ్బతీసింది, వందలమంది చనిపోయారు. ఏ భాగం నడుస్తోందో రైల్వే ప్రకటన చూసుకుని అప్పుడే టికెట్లు కొనండి. తక్కువ రోజుల్లో దక్షిణం చూసే ప్లాన్‌కి కొండలు ఎలాగూ అడ్డమే, నా మాట వింటే ఈసారికి రైలు వదిలేయండి. ఇంకోటి, పౌర్ణమి రోజున పోయా సెలవు, ప్రతి నెలా ఉంటుంది, బస్సులూ రోడ్లూ కిక్కిరిసిపోతాయి. ఆ రోజు ప్రయాణం పెట్టుకోవద్దు.

తిండికి మన ప్రాణానికి హాయి. ఎర్రబియ్యం అన్నం, కొబ్బరిపాలు పోసిన పరిప్పు అంటే పప్పే, లేత పనసకాయ కూర, సరస్వతి ఆకు పచ్చడి, పొద్దున ఇడియాప్పం, ఆప్పం. ఒక్కటే జాగ్రత్త. ఎండబెట్టిన ట్యూనా చేప పొడి, ఉంబలకడ అంటారు, కొబ్బరి సాంబోల్‌లో, కొన్నిచోట్ల కూరగాయ కూరల్లో కూడా వేస్తారు, వెజ్ అన్నా సరే. సింహళంలో "మస్ మాలు నెతువ, ఉంబలకడ ఎపా" (మాంసం, చేప లేకుండా, ఉంబలకడ వద్దు) అని చెప్పండి, వంటింట్లోకి మాట వెళ్తుంది. చిన్న హోమ్‌స్టేల్లో అయితే ముందురోజే చెబితే విడిగా వండి పెడతారు, అత్తయ్యగారికి హోటళ్లకంటే అవే సుఖం.

పలమనేరు_వాసి

ఉడవలవె గురించి నేను చెప్పాలి. మాది కౌండిన్య అభయారణ్యం పక్క ఊరు, ఏనుగులు చేలల్లో పడితే రాత్రంతా ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం. ఉడవలవెలో ఏడాది పొడవునా ఏనుగులు కనిపిస్తాయి, జనవరి అయినా ఫర్వాలేదు. కానీ పార్కు అంచున మెయిన్ రోడ్డు పొడుగునా కరెంటు కంచె ఉంటుంది, దానవతల ఏనుగులు నిలబడి ఉంటాయి, రోడ్డు పక్కన అరటిపళ్లు, మొక్కజొన్న పొత్తులు అమ్ముతుంటారు, బండ్లు ఆపి జనం తినిపిస్తుంటారు. దయచేసి ఆపకండి. తిండికి అలవాటుపడ్డ ఏనుగు కంచె దాటుతుంది, ప్లాస్టిక్ సంచులతో సహా మింగుతుంది, ఆ పక్క ఊరివాడి చేలోకి వస్తుంది, ఆఖరికి మనిషో ఏనుగో పోతారు. బుత్తల నుంచి కతరగమ వెళ్లే రోడ్డులో ఏనుగులు బండ్లకి అడ్డం నిలబడి పళ్లు అడిగేదాకా వచ్చింది. మీ డ్రైవర్ సరదాకి ఆపుదామన్నా వద్దనండి.

పాపకి ఏనుగు పిల్లల్ని దగ్గరగా చూపించాలంటే అక్కడే ఎలిఫెంట్ ట్రాన్సిట్ హోమ్ ఉంది, 1995లో పెట్టారు. తల్లి పోయిన గున్నల్ని పెంచి మళ్లీ అడవిలోకి వదులుతారు. పాలు పట్టే వేళల్లో దూరంగా గ్యాలరీ నుంచి చూడాలి, ముట్టుకోనివ్వరు. మెట్లు తక్కువే, పెద్దావిడ కూడా హాయిగా కూర్చుని చూడొచ్చు. ఏనుగు ఎక్కించే చోట్లకీ స్నానం చేయించే చోట్లకీ మాత్రం డబ్బులివ్వకండి.

నల్లమల_నడక

తిమింగలాల సంగతి ఎవరూ చెప్పలేదు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మిరిస్సలో మంచి కాలం, మీ తేదీలు సరిగ్గా కుదిరాయి. దొండ్ర కొస దగ్గర సముద్రపు లోతు ఒడ్డుకి చాలా దగ్గర్లోనే మొదలవుతుంది, అందుకే నీలి తిమింగలాలు అంత దగ్గరగా వస్తాయి. పెద్ద ఓడల దారి కూడా అదే కావడంతో తిమింగలాలు ఓడలకి ఢీకొని చనిపోతుంటాయి. మన పడవలైనా తిమింగలాల్ని తరమకూడదు. నూరు మీటర్ల దూరం పాటించాలని అక్కడ నిబంధన ఉంది. బుక్ చేసేముందు ఆ దూరం పాటిస్తారా అని అడగండి, "చాలా దగ్గరికి తీసుకెళ్తాం" అనేవాళ్లని వదిలేయండి. ఈత కొట్టే ట్రిప్పులు అసలే వద్దు. పొద్దున్నే బయల్దేరే పడవ ఎక్కండి, గాలి తక్కువ. వాంతుల మాత్ర బయల్దేరడానికి అరగంట ముందు వేసుకోవాలి, పాపకి ఎంత డోసో డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి. మిరిస్సలో రెండు ఉదయాలు ఉంచుకోండి, సముద్రం బాగాలేక ఒకరోజు పడవలు ఆపేస్తే రెండోది ఉంటుంది. తిరుగు ప్రయాణానికి అక్కణ్నుంచి కొలంబో ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు మూడు గంటలే, కాబట్టి దాన్ని చివర్లో పెట్టుకుంటే సరిపోతుంది.